జేబులో ఇమడని కారు తాళంచెవి



ఓ.పి.లో రక్తపోటు చూడడానికి కుర్చీలో కూర్చోమంటే, కారులో వచ్చినవారిలో చాలామంది కూర్చోబోయి మళ్ళీ లేస్తారు. ప్యాంటు జేబులో చెయ్యి పెట్టి, నల్లగా చిన్న సబ్బుబిళ్ళలాగా ఉన్న తాళంచెవిని బయటికి లాగి, మా బల్ల మీద పెట్టి అప్పుడు కూర్చుంటారు. "ఇది జేబులో ఉంటే కూర్చోనివ్వదు సిస్టర్ గారూ" అంటారు. వెళ్ళేటప్పుడు కొందరు దాన్ని అక్కడే మరచిపోయి, కారు దాకా వెళ్ళి, తలుపు తెరుచుకోక ఎండలో వెనక్కి వస్తారు. చూసేవారికి నవ్వుగానే ఉంటుంది. కాని ఈ తాళంచెవిని ఎక్కడ పెట్టుకోవాలో తోచక ఎక్కడ పడితే అక్కడ పెట్టడం వల్ల వచ్చే ఇబ్బందులు కొన్ని ఆసుపత్రి దాకా వస్తాయి. వాటిలో ఎక్కువ భాగం చిన్నవే. ఒకటి మాత్రం ప్రాణం మీదికి తెచ్చేది. అందుకే ఈ పాఠాన్ని కొంచెం ఓపికగా చదవమని కోరుతున్నాము.

వెనకటి అంబాసిడర్, ఫియట్ కార్లకు, 1983లో వచ్చిన మారుతి 800కు తాళంచెవి అంటే ఇంటి బీరువా తాళంచెవిలాంటి పల్చని లోహపు ముక్కే. చొక్కా జేబులో వేసుకుంటే ఉన్నట్టే తెలిసేది కాదు. ఆడవారు కొంగుకు ముడి వేసుకున్నా, బొడ్లో దోపుకున్నా ఇబ్బంది లేదు. 1990లలో కార్ల దొంగతనాలను ఆపడానికి తాళంచెవి తలలో చిన్న చిప్ అమర్చడం మొదలైంది. ఐరోపా దేశాల్లో 1998 నుండి కొత్త కార్లన్నింటికీ దొంగ చేతిలో ఇంజిను స్టార్టు కాకుండా ఆపే ఏర్పాటు తప్పనిసరి చేశారు. ఆ తరువాత తలుపులు తెరిచే బటన్లు వచ్చాయి, డిక్కీ తెరిచే బటను వచ్చింది, కారు ఎక్కడుందో తెలియనప్పుడు హారను మోగించే బటను వచ్చింది. ఇప్పుడైతే తాళంచెవిని బయటికి తీయనక్కరలేదు, మన దగ్గర ఉంటే చాలు, కారే గుర్తుపట్టి తెరుచుకుంటుంది. జేబులోంచి తీయనవసరం లేని తాళంచెవి వచ్చేసరికి అది జేబులో పట్టనంత లావైంది!

ఎందుకు లావైందో దాన్ని విప్పి చూస్తే తెలుస్తుంది. లోపల ఒక సర్క్యూట్ పలక, సన్నని రాగి తీగ చుట్టలు, బటన్లు, గుండ్రని బిళ్ళలాంటి బ్యాటరీ, ఇవన్నీ పనిచేయనప్పుడు వాడుకోవడానికి దాచిపెట్టిన మామూలు లోహపు తాళంచెవి ఉంటాయి. అంటే మనం జేబులో వేసుకుంటున్నది ఒక చిన్న రేడియో అన్నమాట. దీనికి తోడు ఇంటి తాళాలు, ఆఫీసు తాళాలు, బండి తాళం, షోరూమువారిచ్చిన తోలు బిళ్ళ, పిల్లలు తెచ్చిన బొమ్మ అన్నీ ఒకే గుత్తికి చేరుస్తాము.

ముందు జేబు సంగతి చూద్దాము. గజ్జ పక్కగా, నడుము ఎముక ముందు భాగం కింద నుండి ఒక నరం తొడ మీదికి దిగుతుంది. తొడ బయటి వైపు చర్మానికి స్పర్శ ఇచ్చేది అదే. బిగుతు ప్యాంటు, గట్టిగా బిగించిన బెల్టు, ముందుకు వచ్చిన పొట్ట, వీటికి తోడు జేబులో గట్టి వస్తువు ఉండి గంటల తరబడి కూర్చుంటే ఆ నరం నలుగుతుంది. అప్పుడు తొడ బయటి వైపున అరచేయంత మేర తిమ్మిరి, మంట, చీమలు పాకినట్టు అనిపించడం, కొందరికి బట్ట తగిలినా భరించలేకపోవడం ఉంటాయి. వైద్యులు దీన్ని మెరాల్జియా పారెస్థెటికా అంటారు. పేరు పెద్దది గాని అర్థం తొడనొప్పి, తిమ్మిరి అనే. 1895 నుండి వైద్య గ్రంథాలలో ఈ జబ్బుకు ఈ పేరు ఉంది. అప్పటికి కార్ల తాళాలు లేవు, బిగుతు దుస్తులు, బెల్టులు ఉన్నాయి. గర్భిణీ స్త్రీలకు, షుగరు ఉన్నవారికి, బరువు ఎక్కువ ఉన్నవారికి ఇది వచ్చే అవకాశం ఎక్కువ.

పక్షవాతమేమోనని భయపడి వచ్చేవారుంటారు. ఈ నరం స్పర్శకు మాత్రమే సంబంధించినది కాబట్టి కాలు బలం తగ్గదు, నడక మారదు. కాలు బలహీనపడినా, నడుము నుండి పాదం దాకా నొప్పి లాగినా, మలమూత్రాల మీద అదుపు తగ్గినా అది వేరే సంగతి, వెంటనే డాక్టరు గారికి చూపించాలి. తిమ్మిరి మాత్రమే ఉంటే, జేబు ఖాళీ చేసి, బెల్టు ఒక రంధ్రం వదులు చేసి, కొన్ని వారాలు చూడమని సాధారణంగా చెబుతారు. చాలామందికి అంతటితోనే తగ్గుతుంది. మాత్రలు కొనే ముందు జేబు ఖాళీ చేయడానికి ఖర్చేమీ లేదు గదా.

వెనుక జేబులో తాళంచెవి, దాని పక్కన లావుపాటి పర్సు పెట్టుకుని కూర్చునేవారు ఇంకొక రకం. ఒక పిరుదు ఎత్తుగా, ఒకటి పల్లంగా ఉండి నడుము వంకరగా నిలుస్తుంది. పిరుదు లోపలి నుండి కాలికి దిగే పెద్ద నరం మీద ఒత్తిడి పడుతుంది. క్రెడిట్ కార్డులతో ఉబ్బిన పర్సు మీద కూర్చోవడం వల్ల వచ్చే కాలునొప్పి గురించి అమెరికా వైద్య పత్రికలో 1978లోనే రాశారు. కారు నడిపేటప్పుడు వెనుక జేబులో ఏమీ ఉండకూడదు. చక్రాల కుర్చీలో ఉండేవారి విషయంలో, నడుము కింద స్పర్శ లేనివారి విషయంలో మేము ఇంకా గట్టిగా చెబుతాము. వారి జేబులో తాళంచెవి కాదు, ఒక నాణెం కూడా ఉండకూడదు. అది ఒత్తుకుంటున్నట్టు వారికి తెలియదు. మనం బట్టలు మార్చేటప్పుడు చూసేసరికి చర్మం ఎర్రబడి, ఒత్తిడి పుండుకు మొదలై ఉంటుంది. హెర్నియా ఆపరేషను అయినవారు కూడా గాయం పూర్తిగా మానే వరకు ఆ వైపు ముందు జేబు ఖాళీగా ఉంచుకోవడం మంచిది.

తొడ మీద జేబు ఉండేచోట దురద, పొక్కులు వస్తుంటే తాళాలగుత్తిని ఒకసారి చూసుకోండి. రోల్డు గోల్డు నగలు, గడియారం చైను పడనివారికి అందులోని నికెల్ వల్లనే పడదు. కీ చైను రింగులో, ఇంటి తాళంచెవుల పూతలో కూడా నికెల్ ఉండవచ్చు. చెమట పట్టే కాలంలో అది పల్చని జేబు గుడ్డలోంచి చర్మానికి తగులుతుంది.

ఆడవారికి జేబు బాధ లేదు, ఎందుకంటే జేబే లేదు. చీరకైనా, చుడీదారుకైనా తాళంచెవి దాచుకునే చోటు కుట్టరు. కాబట్టి అది హ్యాండ్ బ్యాగులోకి వెళుతుంది. బ్యాగులో ఇప్పటికే నీళ్ళ సీసా, పర్సు, ఫోను, గొడుగు, పిల్లల బిస్కెట్లు ఉంటాయి. ఆ బ్యాగు రోజూ ఒకే భుజానికి తగిలించుకుంటే మెడనొప్పి, భుజం పట్టేయడం వస్తాయి. బ్యాగు అడుగున పడిన తాళంచెవి కోసం చీకట్లో, వానలో, చంకలో పసిబిడ్డతో వెతకడం ఎంత కష్టమో అనుభవించినవారికే తెలుసు. ఒక చిన్న ఉపాయం చెబుతాము. బ్యాగు లోపలి పక్క జిప్పు దగ్గర చిన్న కొక్కెం కుట్టించుకుని తాళంచెవిని దానికి తగిలించండి. మా సిస్టర్లు యూనిఫారం లోపల పిన్నుతో గుడ్డసంచి పెట్టుకుంటారు, అది కూడా బాగుంటుంది. ఇక ఆరాధన మధ్యలో ప్రార్థనకు వంగినప్పుడు జేబులోని బటను నొక్కుకుని బయట కారు అరవడం, అందరూ ఒకరి వంక ఒకరు చూసుకోవడం మనకు కొత్త కాదు. అది ఆరోగ్య సమస్య కాదు గనుక వదిలేస్తున్నాము.

చొక్కా జేబులో పెట్టుకునేవారిలో పేస్‌మేకర్ అమర్చుకున్నవారు ఉంటే ఒక మాట. తాళంచెవి పంపే సంకేతం చాలా బలహీనమైనది. అయితే ఈ తరహా కార్లలో తలుపుల దగ్గర, సీట్ల మధ్య, డిక్కీ దగ్గర అమర్చిన యాంటెన్నాలు ఉంటాయి. పేస్‌మేకర్ ఉన్నవారు వాటికి కనీసం 22 సెంటీమీటర్ల దూరంలో ఉండాలని కొన్ని కార్ల పుస్తకాలలోనే రాసి ఉంది. మామూలుగా సీటులో కూర్చుంటే దూరం సరిపోతుంది. తలుపు పిడి మీదికి ఛాతీ ఆనించి నిలబడకూడదు. తాళంచెవికి అయస్కాంతం ఉన్న కీ చైను తగిలించుకుని గుండె మీద జేబులో వేసుకోవడం మానాలి. అయస్కాంతాన్ని పేస్‌మేకర్‌కు 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి. మీ కారు గురించి, మీ పేస్‌మేకర్ గురించి అనుమానం ఉంటే గుండె డాక్టరు గారిని అడగండి.

తాళం దూర్చి తిప్పే కార్లు మన దగ్గర ఇంకా చాలా ఉన్నాయి. ఆ తాళంచెవికి బరువైన గుత్తి వేలాడదీయడం ప్రమాదమని అమెరికాలో బాగా కష్టమైన పద్ధతిలో తెలిసింది. జనరల్ మోటార్స్ కంపెనీ 2014లో దాదాపు 26 లక్షల కార్లను వెనక్కి పిలిపించింది. ఆ కార్లలో తాళం తిరిగే స్విచ్ వదులుగా ఉండి, గుత్తి బరువుకో, గతుకు రోడ్డు కుదుపుకో తాళం దానంతట అదే వెనక్కి తిరిగేది. ఇంజిను ఆగిపోయేది, ప్రమాదం జరిగినప్పుడు ఎయిర్ బ్యాగులు విచ్చుకునేవి కావు. ఆ లోపం వల్ల జరిగిన 124 మరణాలకు నష్టపరిహారం ఇచ్చారు. స్విచ్ మార్చే వరకు గుత్తిలోంచి కారు తాళంచెవి ఒక్కటే తీసి వాడమని కంపెనీ చెప్పింది. లోపం ఆ స్విచ్‌దే, కాని ఆ సలహా ఏ కారుకైనా మంచిదే. మోకాలికి దగ్గరగా వేలాడే తాళాలగుత్తి గుద్దుకున్నప్పుడు మోకాటిలో దిగుతుంది కూడా.

జేబులోంచి తీయనక్కరలేని తాళంచెవితో ఇంకొక చిక్కు ఉంది. పాత కారులో తాళం తీసుకోవాలంటే ఇంజిను ఆపాలి. ఇప్పుడు తాళంచెవి జేబులోనే ఉంటుంది కాబట్టి, శబ్దం లేని ఇంజినును ఆపడం మరచిపోయి ఇంట్లోకి వెళ్ళిపోవచ్చు. అమెరికాలో ఇంటికి అంటుకుని ఉండే గ్యారేజీలో కారు అలా నడుస్తూ ఉండిపోయి, కార్బన్ మోనాక్సైడ్ వాయువు పడకగదుల్లోకి చేరి నిద్రలోనే చనిపోయినవారు రెండు డజన్లకు పైగా ఉన్నారని అక్కడి పత్రికలు 2018లో రాశాయి. వారిలో వృద్ధులు ఎక్కువ. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారం, మత్తు వస్తాయి, అంతే. అక్కడ ఉన్న మన పిల్లల ఇళ్ళకు వెళ్ళి నాలుగైదు నెలలు ఉండి వచ్చే తల్లిదండ్రులు మన సంఘాల్లో ఉన్నారు. ఆ ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందా అని అడగడానికి మొహమాటపడకండి.

ఇక అసలు విషయానికి వస్తాము.

జేబులో ఇమడదు కాబట్టి ఇంటికి రాగానే మనం మొదట చేసే పని తాళంచెవిని తీసి కింద పెట్టడం. సోఫా మీద, టీపాయి మీద, మంచం మీద, టీవీ పక్కన పెడతాము. ఇవన్నీ పాకే బిడ్డ చేతికి అందే చోట్లే. దానికి తోడు, బిడ్డ ఏడిస్తే తాళాలగుత్తి చేతికిచ్చి గలగలలాడించడం మన ఇళ్ళలో తరతరాల అలవాటు. తాతమ్మ బొడ్లోని ఇనుప తాళాలతో ఆడుకున్నప్పుడు మహా అయితే మురికి నోట్లోకి వెళ్ళేది. ఇప్పటి తాళంచెవి లోపల బ్యాటరీ ఉంది. ఎక్కువ తాళంచెవులలో వాడేది సి.ఆర్. 2032 అనే రకం. ఆ అంకెలకు అర్థం ఉంది. అడ్డంగా 20 మిల్లీమీటర్లు, మందం 3.2 మిల్లీమీటర్లు. శక్తి 3 వోల్టులు. చూడడానికి చిన్న రూపాయి బిళ్ళ, మెరుస్తూ, నునుపుగా ఉంటుంది. చిన్నపిల్లల అన్నవాహికలో సరిగ్గా ఇరుక్కునే కొలత అది.

దాన్ని తెరవడం పిల్లలకు రాదని అనుకోవద్దు. చాలా తాళంచెవులకు స్క్రూ ఉండదు, గోరు పెట్టి లాగితే మూత వస్తుంది. రెండుమూడుసార్లు గచ్చు మీద పడితే అతుకు వదులవుతుంది. నాలుగోసారి బిడ్డ విసిరినప్పుడు రెండు ముక్కలవుతుంది. బ్యాటరీ దొర్లుకుంటూ మంచం కిందికి పోతుంది.

అది గొంతులో ఇరుక్కుంటే ఏమి జరుగుతుందో వివరంగా చెబుతాము. బ్యాటరీ పగిలి లోపలి మందు కారితేనే హాని అని చాలామంది అనుకుంటారు. కాదు, పగలనక్కరలేదు. దాని రెండు వైపులా తడి కండ తగలగానే, లాలాజలం ద్వారా కరెంటు పారుతుంది. ఆ కరెంటు వల్ల నెగిటివ్ వైపున కాస్టిక్ సోడాలాంటి క్షారం తయారవుతుంది. సబ్బు కాచేవారికి కాస్టిక్ సోడా చేతి మీద పడితే ఏమవుతుందో తెలుసు. అదే పని అన్నవాహిక లోపలి పొర మీద జరుగుతుంది. రెండు గంటల్లోనే లోతైన గాయం కావచ్చు. ఆ గాయం ఇంకా లోపలికి దిగితే శ్వాసనాళానికి చిల్లు పడవచ్చు, గుండె నుండి వచ్చే పెద్ద రక్తనాళానికి చిల్లు పడవచ్చు. బ్యాటరీని తీసేసిన తరువాత కూడా కొన్ని రోజులు, కొన్ని వారాల వరకు ఈ ప్రమాదం ఉంటుంది. "అయిపోయిన బ్యాటరీయే కదా సిస్టర్" అని కొందరంటారు. కారును తెరవడానికి చాలని బ్యాటరీలో కండను కాల్చడానికి చాలినంత శక్తి మిగిలే ఉంటుంది.

అమెరికాలోని టెక్సాస్‌లో రీస్ హామ్‌స్మిత్ అనే ఏడాదిన్నర పాప 2020 డిసెంబరులో ఇలాగే చనిపోయింది. ఆమె మింగింది రిమోటులోని బటన్ బ్యాటరీ. మొదట జలుబు, దగ్గు అనుకున్నారు. ఆ తల్లి పట్టుదల వల్ల 2022లో ఆ దేశంలో బటన్ బ్యాటరీల మీద ప్రత్యేక చట్టం వచ్చింది, దానికి ఆ పాప పేరే పెట్టారు.

జలుబు అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. బిడ్డ మింగడం ఎవరూ చూడరు. కనిపించేది చొంగ ఎక్కువ కారడం, పాలు వద్దనడం, అన్నం పెడితే కక్కడం, దగ్గు, గురక, చిరాకు, ఛాతీ పట్టుకుని ఏడవడం. ఇవన్నీ ఏ జబ్బుకైనా ఉంటాయి. కొందరు పిల్లలకు మొదట ఏ లక్షణమూ ఉండదు. మేము క్యాజువాలిటీలో "ఏం మింగాడమ్మా?" అని అడిగితే, "రూపాయి బిళ్ళ అయి ఉంటుంది సిస్టరమ్మా" అని చెప్పే తల్లులు ఉంటారు. నిజంగా రూపాయి బిళ్ళే కావచ్చు. కాని ఇంట్లో ఏదైనా రిమోటు, తాళంచెవి, గడియారం, వెలిగే బొమ్మ మూత ఊడి ఉందా అని ఫోను చేసి చూడమంటాము. ఎక్స్‌రేలో నాణెం ఒకే వలయంగా కనిపిస్తుంది, బటన్ బ్యాటరీ అంచున రెండు వలయాలు కనిపిస్తాయి. ఆ తేడా మీద బిడ్డ ప్రాణం ఆధారపడి ఉంటుంది. నాణెమైతే కొన్నిసార్లు వేచి చూడవచ్చు. బ్యాటరీ అన్నవాహికలో ఉంటే వేచి చూసే ప్రసక్తే లేదు, వెంటనే మత్తు ఇచ్చి ఎండోస్కోపీతో తీయాలి. కడుపులోకి దిగిపోయి ఉంటే ఏమి చేయాలో బిడ్డ వయసును, బ్యాటరీ సైజును చూసి డాక్టరు గారు నిర్ణయిస్తారు.

అనుమానం వచ్చిన క్షణం నుండి మీరు చేయవలసినది ఇది. 108కు ఫోను చేయండి, లేదా చేతిలో ఉన్న వాహనంలో బయలుదేరండి. ఎక్స్‌రే, పిల్లలకు ఎండోస్కోపీ ఉన్న ఆసుపత్రికి నేరుగా వెళ్ళండి. దగ్గరలోని ఆర్.ఎం.పి. దగ్గర ఆగి సిరప్ రాయించుకుని రేపు చూద్దామనుకోవద్దు. వేలు పెట్టి కక్కించవద్దు. అరటిపండు మింగిస్తే, గడ్డపెరుగు అన్నం ముద్దలు పెడితే కిందికి దిగిపోతుందని పెద్దవారు చెబుతారు. చేప ముల్లుకు అలా చేసే అలవాటు ఉంది గనుక చెబుతారు, ప్రేమతోనే చెబుతారు. కాని కడుపు నిండా తిని ఉంటే మత్తు ఇవ్వడం కష్టమవుతుంది, కాబట్టి ఏమీ తినిపించవద్దు. ఒక్క తేనెకు మాత్రం మినహాయింపు ఉంది. ఏడాది నిండిన బిడ్డ, మింగి 12 గంటలు దాటలేదు, మింగగలుగుతున్నాడు అంటే, దారిలో పది నిమిషాలకొకసారి రెండు చెంచాల తేనె, అంటే 10 మిల్లీలీటర్లు, ఆరుసార్లకు మించకుండా ఇవ్వవచ్చు. తేనె బ్యాటరీకి, కండకు మధ్య పూతలా ఉండి క్షారాన్ని కొంత తగ్గిస్తుందని 2018లో ప్రచురితమైన ప్రయోగాలలో తేలింది. ఏడాది నిండని బిడ్డకు తేనె ఇవ్వకూడదు. తేనె కోసం దుకాణానికి వెళ్ళి ఆలస్యం చేయకూడదు. ఇంట్లో ఉంటే సీసా చేత్తో పట్టుకుని ఎక్కండి, లేకపోతే వదిలేయండి. తేనె తాగాడు కదా అని వెనక్కి తిరగడం అసలు కుదరదు.

తెరుచుకున్న తాళంచెవిని, అందులో వాడే రెండో బ్యాటరీ ఉంటే దాన్ని కూడా వెంట తీసుకురండి. డాక్టరు గారికి సైజు తెలుస్తుంది. ముక్కులోనో చెవిలోనో దూర్చుకుంటే కూడా అదే తొందర. చుక్కల మందు, నూనె వేయవద్దు, తడి తగిలితే కాలడం పెరుగుతుంది. బ్యాటరీ తీసి ఇంటికి పంపిన తరువాత బిడ్డ రక్తం కక్కినా, మలం తారులా నల్లగా వచ్చినా, తాగినప్పుడల్లా దగ్గినా అర్ధరాత్రైనా తీసుకురావాలి.

ఈ పాఠం చదివాక ఒక పని చేయమని అడుగుతున్నాము. వీధి తలుపు పక్కన, పెద్దవారి భుజానికి పైన ఒక మేకు కొట్టి, ఇంటికి రాగానే తాళంచెవి దానికి తగిలించండి. జేబు బరువు తగ్గుతుంది, పొద్దున్నే వెతుకులాట తప్పుతుంది, బిడ్డకు అందదు. వదులైన తాళంచెవికి కొత్త తొడుగు మార్పించండి, లేదా గట్టి రబ్బరు కవరు వేయండి. ఇంకా లావవుతుంది, నిజమే. ఆటకు పాత తాళంచెవి ఇవ్వాలనుకుంటే బ్యాటరీ తీసి ఇవ్వండి. చుట్టాలింటికి వెళ్ళినప్పుడు మీ బ్యాగును నేల మీద పెట్టకండి, ఆ ఇంట్లో పాకే బిడ్డ ఉండవచ్చు.

తాళంచెవితో కారులో ఆడనివ్వడం కూడా వద్దు. లోపల కూర్చుని బిడ్డ లాక్ బటను నొక్కితే, తాళంచెవి లోపలే ఉండిపోతుంది. ఎండలో మూసిన కారులో పది నిమిషాల్లోనే వేడి సుమారు పది డిగ్రీలు పెరుగుతుంది. మే నెలలో మన దగ్గర బయటే 42, 43 ఉంటుంది. పిల్లల ఒళ్ళు పెద్దవారి ఒంటికంటే త్వరగా వేడెక్కుతుంది. రెండో తాళంచెవి ఇంటి దగ్గర ఉండి, అయిదు నిమిషాల్లో రాదంటే, మెకానిక్ కోసం చూడకుండా బిడ్డకు దూరంగా ఉన్న పక్క అద్దాన్ని మూల దగ్గర కొట్టి పగలగొట్టాలి. అద్దం ఖరీదు ఆలోచించే సమయం కాదది.

బ్యాటరీ అయిపోయి కారు తెరుచుకోకపోతే, తాళంచెవి పక్కనున్న చిన్న మీట నొక్కితే దాచిన లోహపు తాళంచెవి బయటికి వస్తుంది. డ్రైవరు వైపు తలుపు పిడి దగ్గర దాని రంధ్రం ఉంటుంది, కొన్ని కార్లకు మూత కింద ఉంటుంది. చాలా కార్లలో తాళంచెవిని స్టార్టు బటనుకు ఆనించి నొక్కితే ఇంజిను కూడా స్టార్టవుతుంది. ఇది తెలియక రాత్రివేళ రోగిని కారు బయట నిలబెట్టుకుని కంగారుపడేవారు ఉన్నారు. మీ కారులో ఎలాగో పగలు తీరిక ఉన్నప్పుడు ఒకసారి చేసి చూసుకోండి.

ఎం.ఆర్.ఐ. గదికి రోగితో వెళ్ళే బంధువులు తాళంచెవిని బయటే ఇచ్చి వెళ్ళాలి. అక్కడి అయస్కాంతం ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది, గుత్తిలోని ఇనుమును చేతిలోంచి లాగేస్తుంది, తాళంచెవి కూడా చెడిపోవచ్చు.

చివరగా, బ్యాటరీ మార్పించే రోజు. దుకాణంలో మార్పిస్తే పాతది వారికే ఇచ్చి రండి, జేబులో వేసుకుని ఇంటికి తేవద్దు. ఇంట్లో మార్చుకునేవారు పిల్లలు పడుకున్నాక మార్చండి. కొత్త బ్యాటరీల అట్టను కత్తిరించి మిగిలినవి సొరుగులో వదలకుండా తాళం వేసే బీరువాలో పెట్టండి. పాత బ్యాటరీకి రెండు వైపులా సెల్లోటేపు గాని ప్లాస్టరు గాని అంటించి, మూత ఉన్న డబ్బాలో వేసి, ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునేచోట ఇవ్వండి. ఇవ్వడం ఆలస్యమైతే ఆ డబ్బాను కూడా పిల్లలకు అందని ఎత్తులోనే ఉంచండి.